చౌకలో మాడ్యులర్ కిచెన్: షోరూంలో వినే అపోహలు, అల్మరా లోపలి వాస్తవాలు

కొత్త ఇంట్లో అన్ని పనులూ అయ్యాక చేయించుకునేది వంటిల్లు. అప్పటికి చేతిలో డబ్బులు అడుగంటి ఉంటాయి, గృహప్రవేశం ముహూర్తం ముంచుకొస్తుంటుంది. ఆ హడావిడిలో నాలుగు షోరూంలు తిరిగి, తలుపుల రంగు చూసి, చదరపు అడుగు ధర అడిగి అడ్వాన్సు ఇచ్చేస్తారు. నేను వంటింటి అల్మరాలు చేయించి బిగించే పనిలో ఉన్నాను. పాతవి విప్పి బాగుచేసే పనులూ వస్తాయి. విప్పి చూసినప్పుడల్లా తెలిసేది ఇదే: బోర్డు చౌకరకం కాబట్టి పాడైన కిచెన్‌లు తక్కువ. కోసిన అంచుకు నీళ్లు తగిలి, లేదా బరువంతా రెండు స్క్రూల మీద పడి పాడైనవే ఎక్కువ. షోరూంలో ఈ రెండూ మన కంట పడవు. కంట పడేవాటి గురించి మాత్రం బోలెడు మాటలు చెబుతారు.

అపోహ: ప్లైవుడ్ మీద 710 అని ముద్ర ఉంటే ఇక చూసుకోనక్కర్లేదు.

వాస్తవం: ముందు ఆ అంకెల సంగతి. మామూలు ప్లైవుడ్‌కు భారతీయ ప్రమాణం ఐఎస్ 303. అందులో ఎంఆర్ రకం తేమను కొంతవరకు తట్టుకుంటుంది, నీళ్లను తట్టుకోదు. దుకాణాల్లో కమర్షియల్ ప్లై అని అమ్మేది ఇదే. దానికి పైమెట్టు బీడబ్ల్యూఆర్. ఇక మెరైన్ ప్లై అనే బీడబ్ల్యూపీకి ఐఎస్ 710 ప్రమాణం. దాని ముక్కను 72 గంటలు నీళ్లలో మరిగించినా పొరలు విడిపోకూడదు.

మరిగించే పరీక్షలో తేలేది జిగురు సత్తా. లోపలి పొరల మధ్య సందులు ఉన్నాయో లేదో అది చెప్పదు. కోసిన ప్లైవుడ్ అంచును వెలుతురులో పెట్టి చూడండి. పొరల మధ్య అగ్గిపుల్ల దూరేంత ఖాళీలు ఉంటే, సరిగ్గా అక్కడే స్క్రూ పడితే, ఏ ముద్రా దాన్ని పట్టి ఉంచలేదు. పైగా ముద్ర వేయడం ఎంతసేపు? ఐఎస్ఐ గుర్తు దగ్గర సీఎం/ఎల్ అనే లైసెన్సు నంబరు ఉంటుంది. బీఐఎస్ కేర్ అనే ప్రభుత్వ యాప్‌లో ఆ నంబరు కొడితే అది ఏ కంపెనీది, ఏ సరుకుకు ఇచ్చింది, ఇంకా చెల్లుతోందా అన్నది తెలుస్తుంది. దుకాణంలో నిలబడే చూసుకోవచ్చు.

మందం కూడా కొలవండి. 18 మిల్లీమీటర్లు అని అమ్మేది 16 దగ్గర తేలడం మా వ్యాపారంలో కొత్తేమీ కాదు. మందం కొలిచే సాధనం వెర్నియర్ పెట్టి కొలుస్తానంటే ముఖం మాడ్చుకునే అమ్మకందారుతో మీకు పని లేదు.

అపోహ: పార్టికల్ బోర్డు అంటే అట్టముక్క. ప్లైవుడ్ తప్ప ఏదీ నిలవదు.

వాస్తవం: 2018లో హైదరాబాద్‌లో ఐకియా తన తొలి భారతీయ దుకాణం తెరిచినప్పుడు చాలామంది ఆ అల్మరాల లోపల చెయ్యి పెట్టి చూసి, 'ఇది పార్టికల్ బోర్డే కదా' అని ఆశ్చర్యపోయారు. చెక్కపొట్టును జిగురుతో కలిపి నొక్కి చేసే బోర్డు అది. ప్రపంచంలో ఎన్నో వంటిళ్లు ఆ బోర్డు మీదే నడుస్తున్నాయి. కాకపోతే అక్కడ పెట్టెలు కాళ్ల మీద నిలబడతాయి, ప్రతి అంచూ యంత్రం మీద మూసి ఉంటుంది, నేలను బకెట్టుతో కడగరు. మన వంటింట్లో నేలంతా నీళ్లు పోసి కడుగుతాం, ఇడ్లీపాత్ర మూత తీస్తే ఆవిరి నేరుగా పై అల్మరాను కొడుతుంది.

కాబట్టి నా సలహా, బోర్డులన్నీ ఒకే రకం కొనవద్దు. సింకు కింది పెట్టె, దాని పక్క పెట్టె బీడబ్ల్యూపీ ప్లైవుడ్‌తో చేయించండి. గ్యాసు సిలిండర్ పెట్టే అరకు అసలు కింది పలకే వద్దు, సిలిండర్ నేల మీదే ఉండనివ్వండి. మిగిలిన పొడి అల్మరాలకు తేమను తట్టుకునే రకం ప్రీలామినేటెడ్ (పైపొర ముందే అతికించి వచ్చే) పార్టికల్ బోర్డు గానీ, హెచ్‌డీహెచ్‌ఎంఆర్ అనే తేమను తట్టుకునే దట్టమైన బోర్డు గానీ సరిపోతుంది. ఇలా చేస్తే మిగిలే డబ్బు తలుపులు తిరిగే హింజ్‌లకూ, సొరుగులు జారే ఛానెళ్లకూ పెట్టవచ్చు.

పార్టికల్ బోర్డుకు రెండు బలహీనతలు మాత్రం ఉన్నాయి. అరల వెడల్పు 60 సెంటీమీటర్లు దాటితే పప్పుడబ్బాల బరువుకు మెల్లగా నడుము వంగుతుంది. ఒకసారి స్క్రూ విప్పి అదే రంధ్రంలో మళ్లీ బిగిస్తే మునుపటి పట్టు రాదు. అద్దె ఇళ్లు మారుతూ విప్పి తీసుకెళ్లాలనుకునేవాళ్లకు ఇది పనికిరాదు.

అపోహ: తలుపు నున్నగా, అద్దంలా మెరుస్తుంటే మంచి సరుకు.

వాస్తవం: పైన పటారం, లోన లొటారం అనే మాట మా సరుకుకు అతికినట్టు సరిపోతుంది. మెరుపు ఏ బోర్డు మీదైనా అతికించవచ్చు. సరుకు సంగతి తెలియాలంటే తలుపు అంచులు చూడాలి.

బోర్డు కోసిన చోట అంచుకు పీవీసీ పట్టీ వేస్తారు. దాన్నే ఎడ్జ్ బ్యాండింగ్ అంటాం. లోపలి పెట్టెకు 0.8 మిల్లీమీటర్ల పట్టీ చాలు, తలుపులకు 2 మిల్లీమీటర్లది ఉంటే దెబ్బలు తట్టుకుంటుంది. యంత్రం మీద వేడి జిగురుతో వేసిన పట్టీకి, సైటులో డబ్బా జిగురు పూసి చేత్తో అతికించిన పట్టీకి మన్నికలో చాలా తేడా. కళ్లు మూసుకొని గోరుతో అతుకు మీద అడ్డంగా గీసి చూడండి. యంత్రం పనైతే గోరు ఆగకుండా జారుతుంది. చేతిపనైతే మెట్టులాగా తగులుతుంది, మూలల దగ్గర పట్టీ కొస కొంచెం లేచి ఉంటుంది, అతుకులో జిగురు గీత నల్లగా కనిపిస్తుంది.

తరువాత ఫోను కెమెరా తెరిచి తలుపు కింది అంచు దగ్గర పెట్టి చూడండి. మనిషి వంగి చూడని చోటు అది. అందుకే కొందరు అక్కడ పట్టీ వేయరు. నేల కడిగిన నీళ్లు ముందు తగిలేది ఆ అంచుకే. పై అల్మరాల అడుగు అంచు కూడా అలాగే చూడాలి, ముఖ్యంగా పొయ్యికి పైన, రైస్ కుక్కర్ పెట్టే చోటికి పైన.

ఇక సింకు కింద. పైపుల కోసం వెనక పలకకు, అడుగు పలకకు రంధ్రాలు పెట్టేది ఫ్యాక్టరీలో కాదు, మీ ఇంట్లో, ఆఖరి రోజు సాయంత్రం, ప్లంబర్ తొందర పెడుతుంటే. ఆ రంధ్రం చుట్టూ బోర్డు పచ్చిగా ఉండిపోతుంది. సింకు నీళ్లు పోయే పైపుకు బిగించే బాటిల్ ట్రాప్ దగ్గర చెమ్మ పట్టిన కొన్నాళ్లకు పార్టికల్ బోర్డు అక్కడ ఉబ్బి, పైన అతికించిన పలుచటి పొరను, అంటే లామినేట్‌ను, పొంగిస్తుంది. ఆ రంధ్రాల అంచులకు సిలికాన్ పూయమని అడగండి. ఒక ట్యూబు సిలికాన్ ఖర్చుతో పోయే పని. ఎవరూ అడగరు కాబట్టి ఎవరూ చేయరు.

మెరిసే అక్రిలిక్ గురించి ఒక్కమాట: గీతలు త్వరగా పడతాయి, వేలిముద్రలు కనిపిస్తాయి. బడ్జెట్ తక్కువైతే 1 మిల్లీమీటర్ మ్యాట్ లామినేట్ మేలు. లామినేట్ బయట ఒక్కవైపే వేసి లోపల వదిలేస్తే తలుపు వంకర తిరుగుతుంది. లోపలివైపు కూడా పలుచటిదైనా ఒక పొర ఉండాలి.

అపోహ: చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసే డబ్ల్యూపీసీ బోర్డుకు నీళ్ల భయం లేదు, చెదల భయం లేదు. కిచెన్ మొత్తం దానితో చేయిస్తే సరి.

వాస్తవం: నీళ్లు, చెదల సంగతి నిజమే. అయితే డబ్ల్యూపీసీ పేరుతో మార్కెట్లో అమ్మేదాంట్లో చాలావరకు పీవీసీ ఫోమ్ బోర్డే, చెక్కపొడి పేరుకైనా ఉండదు. పొయ్యి పక్కన వేడికి మెత్తబడుతుంది, పొడవాటి అరలు వంగుతాయి, హింజ్ స్క్రూలు రోజువారీ లాగుడుకు వదులవుతాయి. సింకు కింద పెట్టెకు బీడబ్ల్యూపీ ప్లైవుడ్‌కు బదులుగా వాడవచ్చు. పొయ్యి పక్కన, సామాన్ల బరువు మోసే సొరుగులకు వద్దు.

అపోహ: బరువుగా ఉన్న బోర్డే గట్టిది.

వాస్తవం: చెక్క నారను నొక్కి చేసే ఎండీఎఫ్ బోర్డు సాధారణంగా ప్లైవుడ్ కన్నా బరువు. కానీ మామూలు ఎండీఎఫ్‌ను సింకు కింద పెడితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

అపోహ: తలుపు మెత్తగా మూసుకుంటే మంచి హింజ్.

వాస్తవం: సాఫ్ట్ క్లోజ్ ఒక సౌకర్యం, అంతే. కొత్తలో నాసిరకం హింజ్ కూడా ముద్దుగా మూసుకుంటుంది. చూడాల్సింది అది తలుపును ఎలా పట్టుకుందన్నది. హింజ్ గిన్నె కోసం తలుపులో 35 మిల్లీమీటర్ల వెడల్పున, దాదాపు 12 మిల్లీమీటర్ల లోతున గుంత తొలుస్తారు. తలుపు 16 మిల్లీమీటర్లదైతే గుంత వెనక మిగిలేది 4 మిల్లీమీటర్లే. అందుకే తలుపులకు 18 తగ్గకూడదంటాను. రెండు హింజ్‌లు సరిపోయేది సుమారు 90 సెంటీమీటర్ల ఎత్తు వరకే, ఆపైన మూడు ఉండాలి. కొటేషన్‌లో పెద్ద కంపెనీ పేరు రాసి, బిగించేటప్పుడు పేరులేని సరుకు వేసే అలవాటు కొందరికి ఉంది. హింజ్ చెయ్యి మీద కంపెనీ పేరు అచ్చు వేసి ఉంటుంది. తలుపు తెరిచి ప్రతిదాని మీదా చదవండి, మొదటిదాని మీద మాత్రమే కాదు.

సొరుగు ఛానెల్‌కు ఎన్ని కిలోలు మోస్తుందో రేటింగు ఉంటుంది. 25 కిలోల బియ్యం బస్తా పోసే డబ్బాను సొరుగులో పెట్టాలనుకుంటే ఆ ముక్క ముందే చెప్పండి. ఆవకాయ జాడీల సంగతీ అంతే. సొరుగును పూర్తిగా బయటికి లాగి, ముందు అంచు మీద అరచేత్తో నొక్కండి. కిందికి వాలి, వదిలాక వెనక్కి రాకపోతే ఆ ఛానెల్ మీ వంటకు చాలదు.

అపోహ: అయస్కాంతం అంటుకోకపోతే అది 304 స్టీలు.

వాస్తవం: వైరు బుట్టల దగ్గర అందరూ చేసే పరీక్ష ఇది. పెద్దగా పనికిరాదు. 304 రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 202 అనే ఇంకో రకంలో నికెల్ తగ్గించి మాంగనీసు పెంచుతారు, అందుకే చౌక. మామూలు స్థితిలో ఈ రెంటికీ అయస్కాంతం అంటుకోదు. పైగా తీగగా లాగి వంచినప్పుడు మంచి 304 కూడా కాస్త అయస్కాంతాన్ని లాగవచ్చు. స్టీలు దుకాణాల్లో దొరికే పరీక్ష ద్రావణం చుక్క వేస్తే రెండు రకాలకూ రంగులో తేడా కనిపిస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రగాలి ఊళ్లలో ఉన్నవాళ్లు ఈ చుక్క పరీక్ష మానవద్దు.

అపోహ: పై అల్మరా పడిపోతే అది బోర్డు లోపం.

వాస్తవం: చాలాసార్లు అది గోడ సంగతి. కొత్త అపార్ట్‌మెంట్లలో ఎర్ర ఇటుకకు బదులు తేలికపాటి ఏఏసీ బ్లాకులతో గోడలు కడుతున్నారు. వాటిలో మామూలు ప్లాస్టిక్ ప్లగ్గు కొట్టి స్క్రూ బిగిస్తే చేత్తో లాగినా ఊడొస్తుంది. ఏఏసీకి ప్రత్యేకమైన ప్లగ్గులు దొరుకుతాయి. మీ గోడ దేనితో కట్టారో బిల్డర్‌ను అడిగి, బిగించడానికి వచ్చినవాళ్లకు చెప్పండి. రంధ్రం చేసేటప్పుడు రాలే పొడి చూసినా తెలుస్తుంది: ఎర్రగా రాలితే ఇటుక, తెల్లగానో లేత బూడిదరంగులోనో పిండిలా రాలితే ఏఏసీ.

అపోహ: ఫ్యాక్టరీలో చేసిందే కిచెన్. వడ్రంగి పని, కడప బండల గట్టు పాతకాలంవి.

వాస్తవం: కోత, అంచుపట్టీ ఈ రెంటిలో యంత్రానిదే పైచేయి, ఒప్పుకోవాలి. కానీ ఇప్పుడు మా వడ్రంగులు కూడా బోర్డును ప్యానెల్ సా అనే కోత యంత్రం ఉన్న చోటికి తీసుకెళ్లి కోయించి, పట్టీ వేయించి తెచ్చుకుంటున్నారు. అలాంటి మేస్త్రీ దొరికితే వదులుకోకండి. కడప బండలతో అరలు కట్టించి, ముందు ఫ్రేము, తలుపులు మాత్రం బిగించే పద్ధతి నా లెక్కలో చౌక కిచెన్‌లలో చాలా తెలివైనది. రాయి ఉబ్బదు, చెద పట్టదు, ఎంత బరువైనా మోస్తుంది. సొరుగులు తక్కువ వస్తాయి, మూలల్లో చోటు కొంత వృథా అవుతుంది. ఆ లోటుకు సిద్ధపడితే పెట్టెల ఖర్చు చాలావరకు ఆదా.

అపోహ: చదరపు అడుగు ధర తక్కువ చెప్పినవాడు చౌక.

వాస్తవం: చదరపు అడుగు లెక్క ముందువైపు కొలతకు. 10 అడుగుల గట్టు కింద రెండున్నర అడుగుల ఎత్తు అంటే 25 చదరపు అడుగులు. ఆ 25లో ఆరు తలుపులు వచ్చినా, తొమ్మిది సొరుగులు వచ్చినా లెక్క అదే, ఖర్చు మాత్రం ఒకటి కాదు. తక్కువ ధర చెప్పినవాడు వెనక పలక 3 మిల్లీమీటర్లది వేస్తాడు, లేదా పెట్టెకు వెనక అసలు పలకే పెట్టడు. బుట్టలు, ఛానెళ్లు, పెట్టెల అడుగున నేల దగ్గర వేసే స్కర్టింగ్ పట్టీ విడిగా కలుపుతాడు. రెండు కొటేషన్లు పోల్చాలంటే ఒకే డ్రాయింగు ఇద్దరికీ ఇచ్చి మొత్తం ధర అడగాలి.

అపోహ: పదేళ్ల వారంటీ ఉంది కదా.

వాస్తవం: వారంటీ కాగితంలో చిన్న అక్షరాలు చదవండి. నీటి వల్ల పాడైతే వర్తించదని తరచూ ఉంటుంది. వంటింట్లో పాడయ్యేదే నీటి వల్ల. హింజ్‌ల వారంటీ హింజ్ కంపెనీది, బోర్డుది బోర్డు కంపెనీది, బిగించిన పనిది ఎవరిదీ కాదు. అందుకే ఒప్పందంలో బోర్డు రకం, ఐఎస్ నంబరు, మందం, వెనక పలక మందం, హింజ్ కంపెనీ, మోడల్ రాయించుకోండి. బిగింపుకు ఒక ఏడాది ఉచిత సర్దుబాటు అని కూడా రాయించండి, తలుపులు మొదటి ఏడాదిలో కొంత కదులుతాయి. చివరి వాయిదాను సింకు కనెక్షన్ అయ్యేదాకా ఆపండి. సింకు నిండా నీళ్లు పట్టి ఒక్కసారి వదిలి, కింది పెట్టెలో పాత న్యూస్‌పేపరు పరిచి, మర్నాడు అది పొడిగా ఉంటే ఇచ్చేయండి.