తోట కాపలాకి, చేను గట్టున మకాంకి కావలసిన సామాను: అపోహలు - వాస్తవాలు

మామిడి కోతల కాలంలో చిత్తూరు జిల్లా తోటల్లో చాలామందికి నెలా రెండు నెలలు చెట్ల కిందే సంసారం. తోతాపురి కాయ లారీ ఎక్కేదాకా కాపలా తప్పదు. చెనిక్కాయలు పీకి కుప్పేసినప్పుడూ అంతే. కరెంటు ఉండదు, కొళాయి ఉండదు, మరుగుదొడ్డి ఉండదు. కావలసిన సామాను పెద్దదేమీ కాదు. టార్పాలిన్ పట్ట, తాళ్ళు, నులక మంచం, దోమతెర, మూతున్న నీళ్ళ క్యాన్లు, పార, ఒక లైటు ఉంటే చాలు. ఇవన్నీ దగ్గరుండి కూడా తడిసేవాళ్ళు, విరేచనాలతో మంచం పట్టేవాళ్ళు ఉన్నారు. వాడే తీరు మీద ప్రచారంలో ఉన్న తప్పుడు నమ్మకాలే అందుకు కారణం.

అపోహ: పట్ట ఎంత మందంగా ఉంటే అంత మంచిది.

వాస్తవం: పట్ట మందాన్ని జీఎస్ఎంలో చెప్తారు. చదరపు మీటరు పట్ట ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. 12 అడుగులకు 18 అడుగుల పట్ట 250 జీఎస్ఎం అయితే సుమారు ఐదు కిలోలు, 150 అయితే మూడు కిలోలు. పైకప్పుకు 150 సరిపోతుంది. పట్ట చిరిగేది నడిమధ్యలో కాదు, అంచు రింగుల దగ్గర. గాలికి పట్ట ఎగిరెగిరి కొట్టుకుంటే బలమంతా ఒక్క రింగు మీద పడి అది గుడ్డతో సహా ఊడొస్తుంది. అందుకని మూలల్లో రింగును నమ్ముకోవద్దు. నిమ్మకాయంత నున్నటి గులకరాయిని మూల నుంచి బెత్తెడు లోపల పెట్టి, పట్టను దాని చుట్టూ పిడికిట్లో బిగించి, రాయి కింద ఏర్పడిన మెడకు తాడు కట్టండి. లాగేకొద్దీ ముడి రాయి మీద బిగుస్తుంది, గుడ్డ చిరగదు.

గాలి వచ్చే వైపు అంచు మోకాలి ఎత్తున, ఎదుటి అంచు ఛాతీ ఎత్తున ఉంచండి. వాలు తక్కువైతే మధ్యలో బొజ్జలా దిగి నీళ్ళు నిలుస్తాయి. చదరపు మీటరు మేర సెంటీమీటరు లోతు నీళ్ళు నిలిచినా పది కిలోల బరువు. అర్ధరాత్రి పట్ట మీద పడిందంటే ఎక్కువసార్లు ఇదే సంగతి. ఎండకు ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది కాబట్టి మడిచినప్పుడు పొడి రాలుతున్న పట్టను పైకప్పుకు వాడొద్దు.

అపోహ: నైలాన్ తాడు అన్నిటికన్నా గట్టిది, ఒకసారి కడితే చూసుకోనక్కర్లేదు.

వాస్తవం: గట్టిదే, కానీ తడిస్తే సాగుతుంది. సాయంత్రం బిగించిన పట్ట వాన మొదలైన అరగంటకు సడలిపోతుంది. నూలు తాడు, జనపనార తాడు తడిస్తే పొట్టిపడి బిగుసుకుంటాయి, వాటికి కాస్త వదులు ఉంచాలి. నైలాన్‌కు లారీ మీద లోడు కట్టేవాళ్ళు వేసే జారుముడి వేయండి. చీకట్లో ఒక్క లాగుతో మళ్ళీ బిగించుకోవచ్చు. ఇంకో చిన్న పని: చెట్టుకు కట్టిన తాడు వెంట వాన నీళ్ళు కారి లోపలికొస్తాయి. పట్టకు జానెడు ఇవతల తాడు మీద పాత గుడ్డపీలిక కట్టి వేలాడదీస్తే నీళ్ళు అక్కడే కిందికి కారిపోతాయి.

అపోహ: చుట్టూ కాలువ తీస్తే నీళ్ళు రావు.

ఈశాన్య రుతుపవనాల వానకు బెత్తెడు కాలువ పది నిమిషాల్లో పొంగుతుంది. చోటు ఎంచుకోవడమే అసలు పని. చెట్టు పాదులో, గట్టు కింద పల్లంలో వద్దు, కొంచెం మిట్ట మీద వేయండి. తడవడానికి ఎక్కువమంది గుర్తించని కారణం కింద పరిచే పట్ట. దాని అంచు పై పట్ట నీళ్ళు జారే గీతను దాటి బయటికొస్తే, కారిన నీళ్ళన్నీ తిన్నగా పక్క కిందకు చేరతాయి. అంచు జానెడు లోపలే ఉండాలి, నాలుగు వేళ్ళ ఎత్తున పైకి మడిచి ఉండాలి.

ఎండిపోయిన స్వర్ణముఖి ఇసుక, కొండవంకల పక్కన చదును నేల చూస్తే పడుకోబుద్ధి వేస్తుంది. వద్దే వద్దు. మీరున్న చోట చినుకు లేకపోయినా పైన కొండల్లో కురిస్తే వంక పొంగుతుంది. 2021 నవంబరులో శేషాచలం మీద నుంచి నీళ్ళు ఎలా దూకాయో తిరుపతి జనానికి చెప్పక్కర్లేదు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఉరుముల వానకు ఒంటరి చెట్టు కింద కూడా ఉండకూడదు. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్ల కన్నా తక్కువ ఉంటే పిడుగు మీ దాకా రాగలదు. పక్కా ఇంట్లోకో తలుపులు మూసిన కారులోకో వెళ్ళి, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగండి.

అపోహ: పటిక తిప్పితే నీళ్ళు తాగడానికి పనికొస్తాయి.

వాస్తవం: పటిక బురదను అడుక్కి దింపుతుంది. క్రిములను పూర్తిగా పోగొట్టదు. చిల్లగింజ అరగదీసినా అంతే. అయినా ఆ పని దండగ కాదు. బురద నీళ్ళలో క్లోరిన్ వేస్తే అది బురద మీదే ఖర్చైపోతుంది, క్రిముల దాకా చేరదు. కాబట్టి వరస ఇలా ఉండాలి: పటిక తిప్పి రాత్రంతా కదపకుండా ఉంచాలి, తెల్లారి పైన తేటను మాత్రం వంచుకోవాలి, నాలుగు మడతల నూలుగుడ్డలో వడకట్టాలి, ఆ తర్వాతే కాచడమో క్లోరిన్ మాత్ర వేయడమో. కాచేటప్పుడు కుతకుత ఉడుకు మొదలయ్యాక ఒక్క నిమిషం చాలు, పావుగంట మరిగించి కట్టెలు తగలేయనక్కర్లేదు. మాత్ర ఎన్ని లీటర్లకో దాని కవరు మీదే ఉంటుంది. వేశాక 30 నిమిషాలు ఆగాలి, ఆ తర్వాత లీలగా క్లోరిన్ వాసన రావాలి. రాలేదంటే సరిపోలేదని అర్థం.

కట్టెలూ మాత్రలూ లేకపోతే ఎండ ఉంది. రంగులేని ప్లాస్టిక్ సీసాల్లో, రెండు లీటర్లు మించనివాటిలో తేట నీళ్ళు నింపి, రేకు మీద పడుకోబెట్టి ఆరు గంటలు నిండు ఎండలో ఉంచండి. మబ్బుగా ఉంటే రెండు రోజులు. ఇవన్నీ క్రిములకే. ఫ్లోరైడ్‌గానీ పురుగుమందుగానీ కాచినా పోవు. పురుగుమందు డబ్బాను ఎన్నిసార్లు కడిగినా నీళ్ళకు వాడకూడదు, ఈ విషయంలో మొహమాటం వద్దు. ఎండాకాలం పనిచేసే మనిషికి తాగడానికే రోజుకు నాలుగైదు లీటర్లు కావాలి. వంటకు, కడుక్కోవడానికి అన్నీ కలిపి 15 లీటర్లకు తగ్గకుండా చూసుకోండి. విరేచనాలు పట్టుకుంటే లీటరు మంచినీళ్ళలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, రెండూ చెంచా అంచుకు సమంగా కొలిచి కలిపి తాగించండి.

అపోహ: వెల్లుల్లి, ఫినాయిల్ చల్లితే పాములు రావు.

వాస్తవం: రావని నమ్మి నేల మీద పడుకోవడమే ప్రమాదం. కట్లపాము రాత్రి తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్ళను కరుస్తుంది. కాటు నొప్పి ఉండదు, గాటు కూడా కనపడకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం కనిపిస్తే అజీర్తి అనుకుని ఆగొద్దు. మంచం మీద పడుకుని, దోమతెర అంచుల్ని నాలుగు వైపులా పక్క కిందకు దోపడమే నమ్మదగిన రక్షణ. దోమలకూ అదే మందు, వేపాకు పొగ ఆరిపోగానే దోమలు తిరిగొస్తాయి. తిండి గింజలు మంచం కింద పెడితే ఎలుకలొస్తాయి, వాటి కోసం పాము వస్తుంది.

కరిస్తే గట్టిగా తాడు కట్టొద్దు, కోయొద్దు. కాలో చెయ్యో కదలకుండా కర్రకు వదులుగా కట్టి, 108కి ఫోన్ చేసి, విషం విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళండి. తిరుపతి దగ్గరైతే రుయా ప్రభుత్వ ఆసుపత్రి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ ఒకటే ఇంజెక్షన్, పామును పట్టి తేనక్కర్లేదు.

అపోహ: నాలుగు రోజులకు గుంత ఎందుకు, బయలుకు పోతే చాలు.

నలుగురున్న చోట ఆ నాలుగు రోజుల్లోనే ఈగలు అన్నం మీదకు చేరతాయి. నీటి వనరుకు 30 మీటర్ల దూరంలో, జానెడున్నర వెడల్పు, రెండడుగుల లోతు గుంత తీసి, తవ్విన మన్ను పక్కనే పోసుకోండి. వెళ్ళినప్పుడల్లా రెండు పారల మన్నో బూడిదో పైన వేయాలి. గుంత పక్కనే ఐదు లీటర్ల క్యాన్‌ను వేలాడదీసి, దాని పైభాగాన కాల్చిన మేకుతో ఒక బెజ్జం, మూతికి తాడు, ఆ తాడు చివర కాలితో తొక్కే కర్ర కట్టండి. తొక్కితే క్యాన్ వంగి సన్నగా నీళ్ళు కారతాయి, చేత్తో ముట్టుకునే పని లేదు. సబ్బును గుడ్డలో మూటగట్టి వేలాడదీస్తే మట్టిలో పడదు.

అపోహ: మంట, టపాకాయలు ఉంటే ఏనుగు దగ్గరికి రాదు.

పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అభయారణ్యం అంచు చేలల్లో ఈ నమ్మకం ప్రాణాల మీదకు తెస్తుంది. బెదిరిన ఏనుగు ఎటు పరిగెడుతుందో ఎవరూ చెప్పలేరు. పనస పండు, బెల్లం, ఉప్పు పడుకునే చోట ఉంచొద్దు. ఏనుగుల దారికి అడ్డంగా మంచం వేయొద్దు. వచ్చిందంటే మౌనంగా దూరం జరిగి అటవీ సిబ్బందికి చెప్పండి. కంచెకు నేరుగా లైను కరెంటు పెట్టడం నేరం, చీకట్లో దాన్ని తాకేది పక్క చేనువాడైనా కావచ్చు.

అపోహ: సోలార్ పలక చెట్టు నీడలో ఉన్నా కొంచెమైనా చార్జి అవుతుంది.

పలక మీద ఒక మూలన మామిడి కొమ్మ నీడ పడినా మొత్తం కరెంటు బాగా పడిపోతుంది. 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీలో ఉండేది 84 వాట్-అవర్లు. లెడ్ యాసిడ్ రకమైతే సగానికి మించి వాడితే త్వరగా పాడవుతుంది, అంటే 42. ఐదు వాట్ల ఎల్ఈడీ బల్బు ఎనిమిది గంటలు వెలుగుతుంది. దాన్ని తిరిగి నింపడానికి 20 వాట్ల పలక చాలు, నీడ పడకుండా ఉంటేనే. పలకను దక్షిణానికి తిప్పి, అడుగు పొడవుకు మూడంగుళాల చొప్పున వెనక అంచు పైకెత్తండి. రోజూ పొద్దున తడిగుడ్డతో దుమ్ము తుడవండి.