ఇంటి కంప్యూటర్‌కు యాంటీవైరస్, ఫైర్‌వాల్: అపోహలు - వాస్తవాలు

నల్లగొండ ప్రకాశం బజార్‌లో కొన్నా, పాలమూరు న్యూటౌన్‌లో కొన్నా, సికింద్రాబాద్ సీటీసీలో అసెంబుల్ చేయించి తెచ్చుకున్నా, కొత్త సిస్టంతో పాటు వచ్చే మొదటి ప్రశ్న ఒక్కటే: "అన్నా, ఏ యాంటీవైరస్ ఎయ్యాలె?" నిజానికి వైరస్ పట్టి రిపేరుకు వచ్చే సిస్టంలలో చాలావాటికి యాంటీవైరస్ ఉంటుంది. దాన్ని ఎవరో ఒకరు ఆపేసి ఉంటారు, లేదా గడువు తీరి అది మూలన పడి ఉంటుంది. అందుకని ఏది కొనాలనేది తర్వాత. ముందు లోపల ఉన్నది పని చేస్తోందా, దానికి ఎవరైనా కళ్లకు గంతలు కట్టారా అన్నది చూడాలి.

"పైసలు పెట్టి కొనకపోతే రక్షణ లేనట్టే"

2012లో వచ్చిన విండోస్ 8 నుంచి యాంటీవైరస్ విండోస్‌లోనే ఉంది. పేరు డిఫెండర్. దీనికి కీ లేదు, ఏటా రెన్యువల్ లేదు. స్టార్ట్ మెనూలో 'విండోస్ సెక్యూరిటీ' అని వెతికితే కనబడుతుంది. విండోస్ 7 కాలంలో విడిగా డౌన్‌లోడ్ చేసుకోవాల్సి వచ్చేది, అప్పట్లో దాని పనితనం మీద విమర్శలూ ఉండేవి. ఆ చెడ్డ పేరే ఇంకా నడుస్తోంది. జర్మనీలోని ఏవీ-టెస్ట్, ఆస్ట్రియాలోని ఏవీ-కంపారెటివ్స్ అనే ల్యాబులు ఏడాది పొడవునా పరీక్షలు పెట్టి ఫలితాలను ఉచితంగా బయటపెడతాయి. కొన్నేళ్లుగా వాటిలో డిఫెండర్ డబ్బు పెట్టి కొనేవాటి సరసనే నిలబడుతోంది.

మరి కొనేవాటిలో అదనంగా ఏముంటుంది? పిల్లల మీద నిఘా, పాస్‌వర్డ్ మేనేజర్, వీపీఎన్, ఇబ్బంది వస్తే ఫోన్‌లో మాట్లాడే మనిషి, ఒకే లైసెన్సుతో మూడు నాలుగు పరికరాలు. వీటిలో ఏదైనా మీకు నిజంగా అవసరమైతే కొనండి. పుణెకు చెందిన క్విక్ హీల్, చెన్నైకి చెందిన కే7 మన షాపుల్లో డబ్బాల్లోనే దొరుకుతాయి. కొనేటప్పుడు ఒకటి గుర్తు పెట్టుకోండి: ఆన్‌లైన్‌లో మొదటి ఏడాది సగం ధరకు ఇచ్చి, రెండో ఏడాది పూర్తి ధర కార్డు నుంచి కోసుకునే పద్ధతి చాలా కంపెనీలకు ఉంది. కొన్న రోజే ఖాతాలోకి వెళ్లి ఆటో రెన్యువల్ ఆపేయండి. "ఇంకొకరి కీ ఉంది, వందకు ఏసిస్త" అనే బేరానికి మాత్రం పోవద్దు. ఒక సిస్టంకు ఇచ్చిన కీ పది సిస్టంలలో కనబడితే కంపెనీ దాన్ని బ్లాక్ చేస్తుంది. వంద పోతే పోయింది, రక్షణ ఎప్పుడు ఆగిందో కూడా మీకు తెలియదు.

మామూలు ఇంటికి డిఫెండర్ చాలు, కాకపోతే నాలుగు మీటలు చూసుకోవాలి. 'వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్'లో 'మేనేజ్ సెట్టింగ్స్' తెరిచి రియల్-టైమ్, క్లౌడ్-డెలివర్డ్, ట్యాంపర్ ప్రొటెక్షన్ (డిఫెండర్ సెట్టింగ్స్‌ను వేరే ప్రోగ్రాంలు మార్చకుండా కాపాడేది) మూడూ ఆన్‌లో ఉన్నాయో లేదో చూడండి. నాలుగోది వేరే చోట, 'యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్'లోని 'రెప్యుటేషన్-బేస్డ్ ప్రొటెక్షన్' కింద ఉంటుంది: 'పొటెన్షియల్లీ అన్‌వాంటెడ్ యాప్ బ్లాకింగ్'. ఉచిత వీడియో కన్వర్టర్లతో పాటు చొరబడి బ్రౌజర్ హోమ్‌పేజీ మార్చే చెత్తను ఆపేది ఇదే. కొన్ని సిస్టంలలో ఆఫ్‌లో దొరుకుతుంది.

"ఒకటికి రెండుంటే ఇంకా మంచిది"

కాదు. మీరు తెరిచే ప్రతి ఫైల్‌నూ యాంటీవైరస్ ముందుగా ఆపి చూస్తుంది. రెండుంటే ఒకే ఫైల్ కోసం రెండూ కొట్లాడతాయి. 4 జీబీ ర్యామ్ ఉన్న సిస్టం అక్కడే కూలబడుతుంది. అందుకే వేరే యాంటీవైరస్ వేయగానే డిఫెండర్ తనంతట తాను పక్కకు తప్పుకుంటుంది.

ఇబ్బంది అంతా ఇక్కడే. కొత్త ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చిన ట్రయల్ యాంటీవైరస్ గడువు తీరిపోతుంది. దాన్ని కొనరు, తీయరు. అది కొత్త అప్‌డేట్లు తెచ్చుకోదు, కుర్చీ కూడా ఖాళీ చేయదు. కొన్ని సిస్టంలలో అది పూర్తిగా పోయేదాకా డిఫెండర్ తిరిగి లేవదు. వాడని యాంటీవైరస్‌ను సెట్టింగ్స్‌లోని యాప్స్ నుంచి అన్‌ఇన్‌స్టాల్ చేసి, రీస్టార్ట్ చేయండి. ఇంకా తోకలు మిగిలితే ఆ కంపెనీ వెబ్‌సైట్‌లోనే దానికోసం ప్రత్యేకంగా ఒక రిమూవల్ టూల్ ఉంటుంది, పెద్ద కంపెనీలన్నీ ఇస్తాయి. తర్వాత విండోస్ సెక్యూరిటీలో ఆకుపచ్చ టిక్ వచ్చిందా లేదా చూస్తే పని అయినట్టు.

అనుమానం తీరక రెండో మాట అడగాలనుకుంటే ఎప్పుడూ నడుస్తూ ఉండేది కాకుండా, పిలిచినప్పుడే స్కాన్ చేసేది వాడండి. మైక్రోసాఫ్ట్ సేఫ్టీ స్కానర్ అలాంటిదే. డౌన్‌లోడ్ చేసిన పది రోజులకు అది పనికిరాకుండా పోతుంది, మళ్లీ కావాలంటే కొత్తది దించుకోవాలి.

"క్రాక్ ఏసేటప్పుడు జరసేపు ఆపి, మళ్ల ఆన్ చేస్తే అయిపాయె"

అసలు కొంప మునిగేది దీనితోనే. ఫొటోషాప్, టైపింగ్ సాఫ్ట్‌వేర్, ఆఫీస్, చివరకు విండోస్ కూడా క్రాక్‌దే, అంటే పైసలు కట్టకుండా వాడేందుకు లైసెన్సు తాళం పగలగొట్టిన దొంగ కాపీ. దానితో వచ్చే సూచనల్లో మొదటి వాక్యం "యాంటీవైరస్ ఆపండి" అని ఉంటుంది. మీరు ఆపుతారు, పని కాగానే ఆన్ చేస్తారు. ఆకుపచ్చ టిక్ తిరిగి వస్తుంది. అంతా బాగున్నట్టే కనబడుతుంది.

ఇప్పుడు అదే 'మేనేజ్ సెట్టింగ్స్' పేజీలో అడుగుదాకా దిగి 'యాడ్ ఆర్ రిమూవ్ ఎక్స్‌క్లూజన్స్' నొక్కండి. యాంటీవైరస్ చూడకుండా వదిలేయాల్సిన వాటి జాబితా అది. మామూలు ఇంటి సిస్టంలో అది ఖాళీగా ఉండాలి. క్రాక్ వేసిన సిస్టంలో యాక్టివేటర్ ఫోల్డర్ పేరో, డౌన్‌లోడ్స్ ఫోల్డరో, ఒక్కోసారి ఏకంగా సీ డ్రైవ్ మొత్తమో కనబడుతుంది. సీ డ్రైవ్ ఆ జాబితాలో ఉంటే డిఫెండర్ నడుస్తున్నా ఒకటే, నడవకున్నా ఒకటే. ట్యాంపర్ ప్రొటెక్షన్ ఆన్‌లోనే ఉంది కదా అనకండి. మీరు 'యస్' నొక్కి అడ్మిన్ హక్కు ఇచ్చిన ప్రోగ్రాం ఇంటి సిస్టంలో ఈ జాబితాలో పేరు చేర్చగలదు.

ఒక్కోదాన్నీ నొక్కి 'రిమూవ్' కొట్టండి. తర్వాత 'స్కాన్ ఆప్షన్స్'లో ఫుల్ స్కాన్, అది అయ్యాక 'ఆఫ్‌లైన్ స్కాన్'. ఆఫ్‌లైన్ స్కాన్‌లో సిస్టం రీస్టార్ట్ అయి, విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది. సుమారు పావుగంట పడుతుంది. తెరిచిన ఫైళ్లు ముందే సేవ్ చేసుకోండి, ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టండి, డెస్క్‌టాప్ అయితే కరెంటు పోని వేళ చూసి మొదలుపెట్టండి.

క్రాక్‌లతో వచ్చేవాటిలో అన్నిటికన్నా చేటు చేసింది స్టాప్, జావూ అనే పేర్లతో తిరిగిన రాన్సమ్‌వేర్. ఫొటోలు, ఎక్సెల్ షీట్లు అన్నింటికీ తాళం వేసి, పేర్ల చివర ఒక కొత్త తోక తగిలించి, ప్రతి ఫోల్డర్‌లో ఒక రీడ్‌మీ ఫైల్ పెట్టి పోయేది: 980 డాలర్లు కట్టు, 72 గంటల్లోపైతే 490. దీని తర్వాత యాంటీవైరస్ వేస్తే వైరస్ పోతుంది, ఫైళ్ల తాళం మాత్రం ఊడదు. ఈ రెండూ వేర్వేరు పనులని పెళ్లి ఫొటోలు పోగొట్టుకున్నాక తెలుసుకుంటే ఏం లాభం? నెలకోసారి ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి, వైరు పీకి బీరువాలో పెట్టండి. పీకకపోతే దానికీ తాళం పడుతుంది.

"ఫార్మాట్ కొట్టిస్త" అంటారు. కొట్టించండి, కానీ అదే పెన్‌డ్రైవ్‌లోని అదే క్రాక్ విండోస్ మళ్లీ వేయిస్తే ఎక్కడి గొంగళి అక్కడే. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి మీడియా క్రియేషన్ టూల్ దించి, కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో విండోస్ తయారు చేసుకుని వేయమనండి. రోజూ వాడే ఖాతా కూడా 'స్టాండర్డ్ యూజర్'గా పెట్టి, అడ్మిన్ ఖాతా వేరే ఉంచితే ఎప్‌సెట్ (పాత ఎంసెట్) అప్లికేషన్ పెట్టే పిల్లగాడు అడ్మిన్ హక్కు కోరేది ఏది నొక్కినా పాస్‌వర్డ్ అడుగుతుంది.

"ఫైర్‌వాల్ ఉంది గదా, వైరస్ రాదు"

ఫైర్‌వాల్ ఫైల్ లోపల ఏముందో చూడదు. ఏ కనెక్షన్‌ను లోపలికి రానివ్వాలి, దేన్ని ఆపాలి అన్నదే దాని పని. 2004లో ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2తో మొదలుపెట్టి, విండోస్‌లో అది ముందే ఆన్ అయి వస్తుంది. మీరు పిలవకుండా బయటి నుంచి వచ్చేవాటిని ఆపుతుంది, మీ సిస్టం నుంచి బయటికి వెళ్లేవాటిని మామూలుగా వదిలేస్తుంది. మెయిల్‌లో వచ్చిన ఫైల్‌ను మీరే దించుకుంటే దాన్ని మీరే పిలిచినట్టు. ఫైర్‌వాల్ అడ్డు చెప్పదు.

మరి దాని ఉపయోగం ఎప్పుడంటే, 2017 మే నెలలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు చూశాం. విండోస్‌లో ఫైళ్లు షేర్ చేసే 445 నంబరు పోర్టు అనే దారి గుండా, ఎవరూ ఏమీ నొక్కకుండానే, ఒక సిస్టం నుంచి ఇంకో సిస్టంకు పాకింది. ఆ కన్నం పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది, వేసుకోనివాళ్లు దొరికిపోయారు.

ఇక్కడ చాలామంది తలకిందులుగా అర్థం చేసుకునేది ఒకటుంది. వైఫై కలపగానే నెట్‌వర్క్ 'పబ్లిక్', 'ప్రైవేట్' అని రెండు రకాలు కనబడతాయి. పబ్లిక్ అంటే మన సిస్టం అందరికీ కనబడుతుందని భయపడి ప్రైవేట్‌కు మారుస్తారు. ఉన్నది దానికి పూర్తిగా వ్యతిరేకం. పబ్లిక్ అంటే "నేను బజార్ల ఉన్న, నన్ను ఎవరికీ చూపకు" అని. ప్రైవేట్ అంటే "ఇది మా ఇల్లు, పక్క సిస్టంలు నన్ను చూడొచ్చు" అని. హాస్టల్, కాలేజీ, లాడ్జి వైఫై అన్నిటికీ పబ్లిక్ ఉండాలి. ఇంట్లో కూడా ప్రింటరో ఫైళ్లో షేర్ చేసుకునే పని లేకపోతే పబ్లిక్‌గానే వదిలేయండి. నెట్ వేగం ఏమీ తగ్గదు.

ప్రింటర్ షేరింగ్ అంటే గుర్తొచ్చింది. మిర్యాలగూడ మిల్లు ఆఫీసైనా, జడ్చర్లలో జిరాక్స్ షాపైనా, రెండో సిస్టం నుంచి ప్రింట్ రావట్లేదంటే మొదట చేసే పని ఫైర్‌వాల్ మొత్తం ఆపడం. ప్రింట్ వస్తుంది, ఫైర్‌వాల్ ఇక జన్మలో ఆన్ కాదు. సరైన దారి ఇంతే: రెండు సిస్టంలలోనూ నెట్‌వర్క్‌ను ప్రైవేట్ చేయండి. 'ఫైర్‌వాల్ అండ్ నెట్‌వర్క్ ప్రొటెక్షన్'లో 'అలో యాన్ యాప్ త్రూ ఫైర్‌వాల్' తెరిచి, 'ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్' పక్కన ప్రైవేట్ గడిలో మాత్రమే టిక్ పెట్టండి. కొత్త ప్రోగ్రాం ఏదైనా "అలో" అని అడిగితే, అది ఏంటో తెలియకపోతే క్యాన్సిల్ కొట్టండి. బయటికి వెళ్లే దారి ఎలాగూ తెరిచే ఉంటుంది కాబట్టి చాలా ప్రోగ్రాంలు మామూలుగానే నడుస్తాయి. ఎవరో ఇష్టమొచ్చినట్టు టిక్‌లు పెట్టేశారనిపిస్తే అదే పేజీలో 'రిస్టోర్ ఫైర్‌వాల్స్ టు డిఫాల్ట్' ఉంది.

విడిగా ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్ కొనడం ఇంటికి దండగ. ఆ డబ్బు బదులు పది నిమిషాలు ఫైబర్ రౌటర్ మీద పెట్టండి. వైఫై పాస్‌వర్డ్ వేరు, రౌటర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లే పాస్‌వర్డ్ వేరు. రెండోది చాలా ఇళ్లలో ఇంకా 'అడ్మిన్' అనే ఉంటుంది. దాన్ని మార్చి, డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ కొట్టకుండా వైఫై కలిపే సదుపాయం), రిమోట్ మేనేజ్‌మెంట్ (బయటి నుంచి రౌటర్ సెట్టింగ్స్ మార్చే సదుపాయం) ఆఫ్ చేయండి.

"విండోస్ 10కి డిఫెండర్ అప్‌డేట్ ఇంకా వస్తనే ఉంది, ఫికర్ లేదు"

విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. డిఫెండర్‌కు కొత్త వైరస్‌ల జాబితా మాత్రం 2028 అక్టోబర్ దాకా ఇస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. ఈ రెండూ ఒకటి కాదు. దొంగల ఫొటోలు వస్తూనే ఉంటాయి, ఇంటి గోడకు పడ్డ కన్నం మాత్రం ఎవరూ పూడ్చరు. ఇంటి వాడకందారుల కోసం 2026 అక్టోబర్ 13 దాకా పొడిగింపు పథకం పెట్టారు. విండోస్ 10 చివరి వెర్షన్ 22హెచ్2 ఉండి, మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే, విండోస్ అప్‌డేట్ పేజీలో చేరే లింకు కనబడుతుంది. విండోస్ 11కి టీపీఎం 2.0 (సిస్టంలో ఉండే భద్రతా చిప్), ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసర్ కావాలి. రెండో తరం ఐ3 మీద నడిచే సిస్టంను బ్యాంకు పనులకు వాడకుండా, టైపింగుకో పాటలకో ఉంచడం మేలు. విండోస్ 7 మీద ఏ యాంటీవైరస్ కొన్నా వృథా. క్రోమ్ కూడా 2023లోనే దాన్ని వదిలేసింది.

"మీ యాంటీవైరస్ గడువు ముగిసింది, 5 వైరస్‌లు దొరికాయి"

కుడి మూలన ఇలా వచ్చేది చాలాసార్లు మీ యాంటీవైరస్ నుంచి కాదు. ఏదో సినిమా సైట్‌లో "అలో" నొక్కినందుకు బ్రౌజర్ పంపుతున్న ప్రకటన. క్రోమ్ సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్ దాకా వెళ్లి తెలియని పేర్లన్నీ తీసేయండి. తెర మొత్తం ఎర్రగా మారి, సైరన్ మోగి, ఫోన్ నంబరు చూపిస్తే ఎస్కేప్ మీట కాసేపు నొక్కి పట్టండి. లొంగకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ను ఆపేయండి. ఆ నంబరుకు ఫోన్ చేసి, దూరం నుంచి మీ సిస్టంను నడిపే ఎనీడెస్క్ లాంటిది వాళ్లు చెప్పినట్టు మీరే వేసుకుంటే ఏ యాంటీవైరస్ అడ్డుపడదు, ఎందుకంటే అది వైరస్ కాదు. డబ్బు పోయిందా, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కొట్టండి.

"యాంటీవైరస్ తీసేస్తే స్పీడ్ వస్తది"

కొంచెం వస్తుంది, కానీ రోగం అది కాదు. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ కింద 100 శాతం కనబడుతుంటే అది పాత హార్డ్ డిస్క్ గొడవ. షెడ్యూల్ ప్రకారం నడిచే స్కాన్ ప్రాసెసర్‌లో సగటున సగానికి మించి వాడకుండా డిఫెండర్‌కు ముందే హద్దు ఉంది, డిస్క్‌కు అలాంటి హద్దు లేదు. నెలకోసారి తెరిచే సిస్టంలో అప్‌డేట్లన్నీ ఒక్కసారి మీద పడతాయి కాబట్టి మొదటి గంట నత్తనడకే. ఆన్ చేసి వదిలేసి చాయ్ తాగి రండి. 256 జీబీ ఎస్‌ఎస్‌డీ వేయించి, ర్యామ్ 8 జీబీ చేయిస్తే యాంటీవైరస్ నడుస్తున్న సంగతే తెలియదు. పాత హార్డ్ డిస్క్‌ను పారేయకుండా యూఎస్‌బీ కేసులో బిగించుకుంటే, బాగుంటే అదే మీ బ్యాకప్ డిస్క్.