లోయలో పడని బెర్నార్డ్ గుయ్

'ది నేమ్ ఆఫ్ ది రోజ్' సినిమా (1986) చూసినవాళ్లకి చివర్లో ఒక బండి గుర్తుంటుంది. ఇటలీలోని ఒక క్రైస్తవ మఠం తగలబడుతుంటే, చర్చిని ధిక్కరించినవాళ్లని పట్టి శిక్షించే మతవిచారణాధికారి బెర్నార్డ్ గుయ్ బండెక్కి పారిపోబోతాడు. కింది పల్లెలోని బీదజనం చుట్టుముట్టి ఆ బండిని లోయలోకి తోసేస్తారు. ఇనప మొనలు దిగబడి చస్తాడు. మంత్రగత్తె అని గుయ్ చితి మీదికి ఎక్కించిన పల్లెపిల్ల బతికి బయటపడుతుంది. మన హాల్లో అయితే ఈలలే.

ఉంబెర్టో ఎకో నవల (1980) చదివి వెళ్లినవాళ్లకి మాత్రం సరిగ్గా అక్కడే నీరసం వస్తుంది. నవలలో గుయ్ చావడు. మఠానికి నిప్పంటుకోక ముందే ఆ పిల్లనీ, మరో ఇద్దరు ఖైదీలనీ వెంటబెట్టుకుని వెళ్లిపోతాడు. ఆమెకి చితి తప్పదని అందరికీ తెలుసు. ఎవరూ వేలెత్తరు, కథానాయకుడు, అంత తెలివైన సన్యాసి విలియం కూడా.

పోనీ కథే కదా, మార్చుకున్నారు అని వదిలేద్దామంటే గుయ్ కల్పిత పాత్ర కాదు. డొమినికన్ అనే క్రైస్తవ సన్యాసుల సంఘంలోవాడు. 1307 నుంచి 1323 వరకు దక్షిణ ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో మతవిచారణ నడిపాడు. తర్వాత లొదేవ్‌కి బిషప్ అయ్యాడు. నవల జరిగేది 1327 నవంబరులో. ఆ తర్వాత నాలుగేళ్లు నిక్షేపంగా బతికి, 1331 డిసెంబరులో బిషప్‌గానే కన్నుమూశాడు. ఏ బండీ బోల్తా పడలేదు.

సినిమాలో ఎఫ్. ముర్రే అబ్రహం వేసిన గుయ్ కళ్లతోనే భయపెడతాడు. అసలు గుయ్ భయం వేరే రకం. ఆయన పక్కా ఆఫీసు మనిషి. ముద్దాయిని ఏ ప్రశ్న ఎలా అడగాలి, డొంకతిరుగుడు జవాబుని ఎలా పట్టుకోవాలి అని తోటి అధికారుల కోసం ఒక పెద్ద చేతిపుస్తకమే రాశాడు. ఆయన ఇచ్చిన తీర్పులు 900కు పైనే ఉంటే, అందులో సజీవ దహనాలు 40 పైచిలుకు. మిగతావాళ్లలో చాలామందికి జైలు, లేదా బట్టల మీద పసుపుపచ్చ శిలువ గుడ్డ కుట్టుకుని ఊళ్లో తిరగడం. చనిపోయాక నేరం బయటపడితే ఎముకలు తవ్వితీసి కాల్చడమూ ఉండేది. ఆ కాలంలో ఈ పనికి పద్దులు కూడా రాశారు. 1323లో దక్షిణ ఫ్రాన్స్‌లోనే ఉన్న కార్కసోన్‌లో నలుగురిని కాల్చినప్పుడు కట్టెలకి, గడ్డికి, గుంజలకి, తాళ్లకి, తలారి కూలికి ఎంతైందో లెక్క దొరుకుతుంది. ఇలాంటి మనిషిని రాక్షసుడిగా చూపించి లోయలో పడేస్తే ప్రేక్షకుడికి టెన్షన్ తీరిపోతుంది. పద్దు మాత్రం ఎక్కడికీ పోదు.

ఇంతకీ ఆ మఠానికి గుయ్ ఎందుకొచ్చాడు? పోప్ మనుషులకీ, ఫ్రాన్సిస్కన్లనే బీద సన్యాసుల సంఘానికీ అక్కడ చర్చ పెట్టారు. గొడవంతా ఒక ప్రశ్న మీద: క్రీస్తుకీ ఆయన శిష్యులకీ సొంత ఆస్తి ఉందా, లేదా? లేదన్నారు ఫ్రాన్సిస్కన్లు. 1322లో ఇటలీలోని పెరూజాలో సమావేశమై అదే తీర్మానించారు. అప్పట్లో రోమ్‌లో కాక ఇప్పటి ఫ్రాన్స్‌లోని ఆవిన్యోఁలో కొలువున్న పోప్ 22వ జాన్‌కి ఆ మాట సూటిగా తగిలింది. క్రీస్తుకే ఏమీ లేకపోతే చర్చికి ఇన్ని భూములు, ఇంత బంగారం ఎలా వచ్చాయని ఎవరైనా అడుగుతారుగా! 1323 నవంబరులో ఆ వాదమే మతద్రోహమని ప్రకటించాడు. పోప్‌తో పడని చక్రవర్తి, బవేరియా లూయీ, ఫ్రాన్సిస్కన్ల పక్షం చేరాడు. ఇది పండితుల గొడవ. దీని కిందే మరో గొడవ ఉంది. ధనికుల ఆస్తులు పంచాలన్న దొల్చీనో అనే తిరుగుబాటు బోధకుణ్ని 1307లో చిత్రహింసలు పెట్టి చంపారు. నవలలో గుయ్ పట్టుకున్న ఇద్దరు మఠవాసులూ ఒకప్పుడు దొల్చీనో మనుషులే. అంటే ఆ పల్లెజనం ఓడిపోయిన చరిత్ర అది. సినిమా వాళ్లని చివరి పది నిమిషాల్లో గెలిపించింది.

దర్శకుడు జాన్ జాక్ అన్నో కష్టాన్ని తీసిపారేయలేం. రోమ్ బయట మఠం సెట్ వేయించాడు, లోపలి దృశ్యాలు కొన్ని జర్మనీలోని ఎబర్‌బాఖ్ మఠంలో తీశాడు. మొహాలు చూడండి, పళ్లూడిన, తల సగం గొరిగిన మొహాలు! విలియం వేషం వేసిన షాన్ కానరీకి బ్రిటిష్ అకాడమీ ఉత్తమ నటుడి అవార్డు వచ్చింది. టైటిల్స్‌లో ఈ సినిమా ఎకో నవలకి 'పాలింప్‌సెస్ట్' అని వేసుకున్నారు. పాత రాత గోకేసి, అదే తోలుపత్రం మీద కొత్తగా రాసినది అని అర్థం. (మన తాటాకు మీద గంటంతో గీసింది అలా గోకి చెరపడం కుదరదు.) ముందే ఒప్పుకున్నారు కాబట్టి మోసం చేశారనలేం. కాకపోతే గోకేసింది నవల మాత్రమే కాదు, 1331 కూడా.

నవలలో కథ చెప్పే ముసలి సన్యాసి ఆడ్సో, కుర్రతనంలో ఆ పిల్లతో గడిపిన ఒక్క రాత్రి గురించి రాస్తూ, ఆమె పేరైనా తెలియదంటాడు. కాలి బూడిదైన మనిషికి పేరు కూడా మిగల్లేదు. సినిమా ముగింపులోనూ ఆడ్సో గొంతు అదే చెబుతుంది. కానీ అక్కడ ఆమె బతికే ఉంది, దారిలో ఎదురుగా నిలబడి అతని చెయ్యి కూడా పట్టుకుంది. అడిగితే సరిపోయేది.