ఆక్సిజన్ జోలికి చివర్లో వెళ్లండి

ఒరేయ్ పిల్లలూ,

కోనసీమలో పుట్టి మీథేన్ ఎలా మండుతుందో తెలియదంటే ఏం బాగుంటుంది చెప్పండి. మన పొలాల కింద ఉన్నది ఆ గ్యాసే. 1995 జనవరిలో పాశర్లపూడిలో గ్యాస్ బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది, ఇంట్లో పెద్దవాళ్లనడగండి, ఆ వెలుగు గురించి చెబుతారు.

మీథేన్ అణువులో 1 కార్బన్, 4 హైడ్రోజన్లు. పూర్తిగా మండితే కార్బన్ డయాక్సైడ్, నీరు వస్తాయి. దీన్ని సమీకరణంగా రాస్తే మండేవి ఎడమవైపు, వచ్చేవి కుడివైపు, ఏ పరమాణువైనా రెండువైపులా సమానంగా ఉండాలి, దాన్నే సమీకరణం తుల్యం చేయడం అంటారు. ముందు కార్బన్ చూడండి, ఇటు ఒకటి అటు ఒకటి, సరిపోయింది. తర్వాత హైడ్రోజన్: ఇటు 4, నీటి అణువులో ఉండేవి రెండే, కాబట్టి నీటి ముందు 2 వేయాలి. ఇప్పుడు కుడివైపు ఆక్సిజన్లు లెక్కపెడితే 2, 2 కలిపి 4, అవి గాలిలో జంటలుగా ఉంటాయి కాబట్టి 2 ఆక్సిజన్ అణువులు చాలు. అంతేరా!

ఆక్సిజన్ చివరికెందుకంటే, కార్బన్ వెళ్లేది ఒక్క చోటికి, హైడ్రోజన్ వెళ్లేది ఒక్క చోటికి, ఆక్సిజన్ మాత్రం రెండింటిలోనూ దూరుతుంది. పైగా ఎడమవైపు అది ఒంటరిగా ఉంటుంది, దాని ముందు ఎంత వేసినా మిగతా లెక్క చెడదు. దాంతో మొదలుపెట్టారా, గానుగెద్దులా తిరుగుతూనే ఉంటారు.

ఇంకోటి, అణువు లోపలి చిన్న అంకెల్ని ముట్టుకోవద్దు. లెక్క కుదరలేదని నీటిలో ఆక్సిజన్ కింద 2 వేస్తే అది నీరు కాదు, పుండ్లు కడిగే హైడ్రోజన్ పెరాక్సైడ్! మార్చాల్సింది అణువు ముందుండే అంకెనే, దాన్నే గుణకం అంటారు.

వంట గ్యాస్‌లో ఉండే బ్యూటేన్ దగ్గర చాలామంది బెంబేలెత్తిపోతారు. 4 కార్బన్లు, 10 హైడ్రోజన్లు, అంటే 4 కార్బన్ డయాక్సైడ్లు, 5 నీళ్లు. కుడివైపు ఆక్సిజన్లు 8, 5 కలిపి 13, జంటలు చేస్తే ఆరున్నర. ధైర్యంగా ఆరున్నర అనే రాసుకోండి, తర్వాత మొత్తాన్ని రెట్టింపు చేయండి:

2 బ్యూటేన్ + 13 ఆక్సిజన్ → 8 కార్బన్ డయాక్సైడ్ + 10 నీరు

ఈ అంకెలు మార్కులకోసమే అనుకోకండి. 14.2 కిలోల సిలిండర్‌లో ఉన్నదంతా బ్యూటేనే అనుకుంటే (ప్రొపేన్ కూడా కలిసి ఉంటుంది లెండి), అది మండటానికి దాదాపు 51 కిలోల ఆక్సిజన్ కావాలి, 43 కిలోల కార్బన్ డయాక్సైడ్, 22 కిలోల నీటి ఆవిరి వస్తాయి. రెండువైపులా కూడి చూసుకోండి. అంత ఆక్సిజన్ వంటింటి గాలిలోంచే రావాలి, అందుకే కిటికీ తీసి ఉంచమనేది. గాలి చాలకపోతే గిన్నె అడుగున మసి పడుతుంది, ఆ మసి కాలకుండా మిగిలిన కార్బనే. వాసన లేని విషం, కార్బన్ మోనాక్సైడ్ కూడా పుడుతుంది.

ఇక చెరకు మడ్డితో చేసే ఇథనాల్‌ది వేరే మెలిక. 2 కార్బన్లు, 6 హైడ్రోజన్లతో పాటు సొంత ఆక్సిజన్ ఒకటుంది. కుడివైపు 7 వస్తాయి, అందులో ఒకటి ఇథనాలే తెచ్చుకుంది, మిగతా 6 గాలిలోంచి రావాలి, అంటే 3 అణువులు. ఆ ఒక్కటి మర్చిపోయి మూడున్నర వేసేవాళ్లే ఎక్కువ.

ప్రొపేన్ మీకు వదిలేస్తున్నా: 3 కార్బన్లు, 8 హైడ్రోజన్లు. సగాలు రావులే, టెన్షన్ పడకండి.

మీ తాతయ్య,
అమలాపురం