వేల్స్ వర్క్‌హౌస్‌ను ఎందుకు వద్దంది

1834లో బ్రిటిష్ పార్లమెంటు పేదల చట్టాన్ని తిరగరాసినప్పుడు ముఖ్యంగా దృష్టిలో పెట్టుకున్నది దక్షిణ ఇంగ్లండ్ పల్లెలను. అక్కడ చాలీచాలని కూలికి పారిష్ (ఒక చర్చి పరిధిలోని స్థానిక పాలన విభాగం) నిధుల నుంచి తోడు వేసి వేసి ఖర్చు తడిసి మోపెడైంది. విరుగుడుగా వచ్చిందే వర్క్‌హౌస్. ఒంట్లో సత్తువ ఉన్నవాడికి సాయం కావాలంటే ఇల్లు వదిలి కుటుంబంతో సహా అందులో చేరాలి. చేరగానే భర్త ఒక వైపు, భార్య ఒక వైపు, పిల్లలు మరో వైపు. లోపలి బతుకు బయటి నిరుపేద కూలి బతుకు కన్నా హీనంగా ఉండాలన్నది ఆ చట్టానికి మూలసూత్రం. 1877 కరువులో ప్రభుత్వ ప్రతినిధిగా మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చిన రిచర్డ్ టెంపుల్ కరువు పనుల రోజు కూలిని ఒక పౌను ధాన్యం, కొద్ది పైకానికి దించిన తర్కం కూడా ఈ తానులో ముక్కే.

వేల్స్ పల్లెల్లో అంతవరకూ పద్ధతి వేరు. 1601 నాటి చట్టం కింద ప్రతి పారిష్ తన పేదలను తానే చూసుకునేది. ముసలివాళ్లకు వారానికి కొన్ని షిల్లింగులు, గడవనివాళ్లకు ఇంటి అద్దె, దిక్కులేనివాళ్లకు ఎవరో ఒకరి ఇంట్లో తిండీ నీడా. ఇందులో దయ ఎంతో పొదుపూ అంతే. వితంతువును వర్క్‌హౌస్‌లో పోషించడం కన్నా ఆమె గుమ్మంలోనే నాలుగు షిల్లింగులు పెట్టడం చౌక. పన్ను కట్టే రైతుకు ఈ లెక్క బాగా తెలుసు. అందుకే పేదల సాయం చూసే గార్డియన్లుగా ఆ రైతులే కూర్చున్న బోర్డులు లండన్ ఆదేశాలను ఏళ్ల తరబడి నానబెట్టాయి. ఇనుము కరిగించే మెర్థిర్ టిడ్విల్‌లో వర్క్‌హౌస్ తెరిచింది 1853లో. మధ్య వేల్స్‌లోని రాయడర్ 1870ల చివరిదాకా లాక్కొచ్చింది.

అందరూ అంత ఓపిక పట్టలేదు. 1839లో నార్బర్త్‌లో కడుతున్న వర్క్‌హౌస్‌కు నిప్పు పెట్టబోయారు. అదే ఏడాది ఆడవేషాలు వేసుకున్న రైతులు ‘రెబెక్కా’ పేరుతో టోల్‌గేట్లు విరగ్గొట్టడం మొదలుపెట్టారు. 1843 జూన్ 19న వేలమంది కార్మార్థెన్‌లోకి ఊరేగింపుగా వచ్చి వర్క్‌హౌస్‌లో చొరబడ్డారు. పరుపులు కిటికీల్లోంచి బయటపడుతుండగా గుర్రపు దళం దిగింది. వాళ్ల కోపంలో మరో పాయ ఉంది. పెళ్లికాని తల్లి బిడ్డ భారాన్ని కొత్త చట్టం దాదాపు పూర్తిగా ఆమె మీదే వేసి, తండ్రి తప్పించుకునే దారి సుగమం చేసింది. టోల్‌గేట్ల హడావిడిలో ఈ సంగతి మరుగున పడుతుంటుంది గానీ, తండ్రి మీద తల్లే నేరుగా మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్లే హక్కు 1844లో వచ్చింది.

బొగ్గు గనుల కాలానికి ప్రశ్న మారింది: యజమాని గని మూసేస్తే కార్మికుడి కుటుంబాన్ని ఎవరు పోషించాలి? 1898 లాకౌట్‌లో మెర్థిర్ గార్డియన్లు గని కార్మికులకు సాయం చేశారు. గని యజమానులు కోర్టుకెక్కారు. పని ఉండీ చేయని మగవాడికి సాయం చట్టవిరుద్ధమని, అతని భార్యాబిడ్డలకు ఇవ్వవచ్చని 1900లో తీర్పు వచ్చింది. 1926 లాకౌట్‌లో బెడ్వెల్టీ బోర్డు అప్పులు చేసి మరీ ఇచ్చింది. ఆరోగ్య మంత్రి నెవిల్ చాంబర్లిన్ ఇలాంటి బోర్డులను తొలగించేందుకు 1926లో తెచ్చిన చట్టంతో 1927లో ఆ బోర్డును తొలగించి తన కమిషనర్లను కూర్చోబెట్టాడు. సాయానికి కోత పడింది.

బెడ్వెల్టీ యూనియన్ (కొన్ని పారిష్‌ల కూటమి) వర్క్‌హౌస్ ఉన్నది ట్రెడీగర్‌లో. ఆ ఊరి గని కార్మికుడి కొడుకు అనైరిన్ బెవాన్, తానూ గనిలో పనిచేసినవాడు, చాంబర్లిన్ కూర్చున్న ఆరోగ్య మంత్రి పదవిలోకే వచ్చి 1948లో జాతీయ సహాయ చట్టం చేయించాడు. పాత పేదల చట్టం ఇక చెల్లదన్నది అందులో మొదటి సెక్షన్. భవనాలు మాత్రం నిలిచాయి. ట్రెడీగర్‌లోది ఆసుపత్రి అయింది. అలా గుమ్మం మీది పేరు మారిన చోట్ల చాలామంది వృద్ధులు, ఎంత జబ్బు చేసినా, అక్కడికి మాత్రం రామని మొండికేసేవారు.