అల్యూమినియమా, అల్యూమినమా? ఈ పేరు వెనక కథ

అమెరికా వెళ్లిన మనవాళ్లు మొదట్లో తడబడే మాటల్లో ఇదొకటి. మనం అల్యూమినియం అంటాం, వాళ్లు అల్యూమినం అంటారు, స్పెల్లింగ్‌లో కూడా ఒక ఐ తక్కువ. అమెరికావాళ్లు బద్ధకించి ఆ అక్షరం మింగేశారని మనలో చాలామంది నమ్ముతారు, అది తప్పు, ఎందుకంటే ఐ లేని ఆ పేరు పెట్టింది ఇంగ్లండ్ సైంటిస్టే.

అసలు మూలం పటిక. లాటిన్‌లో దాన్ని అల్యూమెన్ అనేవాళ్లు, బట్టలకి రంగు పట్టించడానికి రోమన్ల కాలంలోనే వాడేవాళ్లు. ఇదేం మనకి కొత్త సంగతి కాదు, శ్రీకాళహస్తి కలంకారీలో ఇప్పటికీ కరక్కాయ, పాలు పట్టించి ఆరబెట్టిన బట్ట మీద పటిక నీళ్లతో గీస్తారు, తర్వాత ఎరుపు రంగు నీళ్లలో ఉడకబెడితే పటిక పడిన చోట మాత్రమే ఎరుపు గట్టిగా పట్టుకుంటుంది. ఆ పటికలోంచే 1754లో మార్‌గ్రాఫ్ అనే జర్మన్ కెమిస్ట్ ఒక తెల్లటి పదార్థం వేరుచేశాడు, అదే అల్యూమినా. దాంట్లో ఏదో మెటల్ దాక్కుని ఉందని తర్వాతివాళ్లు అనుమానించారు గానీ బయటికి లాగడం ఎవరివల్లా కాలేదు.

మొదట్లో చెప్పిన ఇంగ్లండ్ సైంటిస్ట్ హంఫ్రీ డేవీ 1807లో కరెంటు పెట్టి సోడియం, పొటాషియం సాధించాడు. 1808లో దీని మీద కూడా ప్రయత్నించాడు, మెటల్ చేతికి రాలేదు, పేరు మాత్రం పెట్టేశాడు, అల్యూమియం అని. 1812లో తన పుస్తకంలో దాన్నే అల్యూమినం అని మార్చాడు. అదే ఏడాది లండన్‌లో ఆ పుస్తకాన్ని రివ్యూ చేసిన పత్రిక, ఈ మాటలో ప్రాచీన భాషల గాంభీర్యం లేదు, మేం అల్యూమినియం అనే రాస్తాం అనేసింది. సోడియం, పొటాషియంలతో జతగా కూడా ఉంది కదా, బ్రిటన్‌లో అదే నిలబడిపోయింది. నాకు అన్నిటికంటే ఆశ్చర్యం ఏంటంటే అప్పటికి ఆ లోహాన్ని ఎవరూ కంటితో చూడనే లేదు! డెన్మార్క్‌లో అయర్‌స్టెడ్ చిన్న ముద్ద తీసింది 1825లో, అదీ స్వచ్ఛమైంది కాదు, ఆ తర్వాత 1827లో జర్మనీలో వోలర్ పొడిగా తీశాడు.

అమెరికాలో వెబ్‌స్టర్ 1828 డిక్షనరీలో అల్యూమినం అనే ఎక్కించాడు, అయినా అక్కడి కెమిస్టులు చాలాకాలం అల్యూమినియం అనే రాశారు. మామూలు జనానికి దీంతో పనే లేదు, ఎందుకంటే అంత ఖరీదు, 1884లో వాషింగ్టన్ స్మారక స్తంభం కొనకి దాదాపు 2.8 కిలోల ముక్క పెట్టడమే పెద్ద విశేషం అప్పట్లో.

1886లో కథ తిరిగింది. ఒహాయోలో చార్లెస్ మార్టిన్ హాల్, ఫ్రాన్స్‌లో పాల్ ఎరూ, ఒకరికొకరు తెలీకుండానే ఒకే పద్ధతి కనిపెట్టారు: కరిగించిన క్రయోలైట్ అనే ఖనిజంలో అల్యూమినా కలిపి కరెంటు పంపిస్తే లోహం అడుక్కి దిగుతుంది. ఇద్దరూ పుట్టింది 1863లో, పోయింది 1914లో, ఇది మాత్రం విధి అనాలేమో. హాల్ పేటెంట్ కాగితాల్లో అల్యూమినియం అనే ఉంది, కానీ వ్యాపారం మొదలయ్యాక ప్రచారంలో అల్యూమినం అని వాడారు, ధర పడిపోయి గిన్నెలు ఇళ్లలోకి వచ్చేసరికి జనం నోట్లో ఆ మాటే నానింది. 1907లో కంపెనీ పేరే అల్యూమినం కంపెనీ ఆఫ్ అమెరికా అయింది. 1925లో అమెరికన్ కెమికల్ సొసైటీ కూడా దానికే ఓటేసింది. ప్రపంచ కెమిస్టుల సంఘం ఐయూపాక్ 1990లో అల్యూమినియం అని ఖాయం చేసి, మూడేళ్లకి అల్యూమినం కూడా చెల్లుతుందని ఒప్పుకుంది. కాబట్టి అమెరికా నుంచి వచ్చిన పిల్లాడు అల్యూమినం అంటే దయచేసి కరెక్ట్ చెయ్యకండి, వాడు అంటున్నది 1812 నాటి డేవీ మాట.

మన వైపు ఈ గిన్నెలు మద్రాసు నుంచి మొదలయ్యాయి. 1898లో అక్కడి స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌లో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ పాత్రల తయారీ పెట్టించాడు. రాగి, ఇత్తడిలాగా కళాయి పెట్టించే పని లేదు, మొయ్యడానికి తేలిక, బాగానే వ్యాపించాయి. ఇంగ్లీషు బడిపుస్తకాల్లోంచి మనకి బ్రిటిష్ పేరు వచ్చింది, ఇళ్లలో మాత్రం ఇప్పటికీ సిల్వర్ గిన్నె అనో సత్తు గిన్నె అనో అంటున్నాం.