బనియన్ వేసుకుని బొమ్మ గీయించుకున్న దొరలు

బందరు

చిన్నీ, బాబీ,

మొన్న వీడియో కాల్‌లో నేను బనియన్‌తో కూర్చున్నానని పడీ పడీ నవ్వారు. ఫ్రెండ్స్ ముందు పరువు పోయిందని చిన్ని గొణిగింది కూడా వినపడిందిలే. మూడొందల యాభై ఏళ్ళ కిందట లండన్‌లో శామ్యూల్ పెపిస్ అనే పెద్ద ఉద్యోగి 1661లో ‘ఇండియన్ గౌను’ ఒకటి కొనుక్కున్నాడు. 1666లో బొమ్మ గీయించుకోవడానికి ఇంకోటి అద్దెకు తెచ్చుకున్నాడు! ఆ బొమ్మ ఇప్పటికీ లండన్‌లో ఉంది. అందులోది పట్టు గౌనులా ఉంటుందనుకోండి.

ఈ గౌన్లకే తర్వాత బనియన్ అని పేరు. గుజరాతీ వ్యాపారులను తెల్లవాళ్ళు అలా పిలిచేవారు. మా తాతల కాలానికి ఆ పేరు లోపలి చొక్కాకు అంటుకుంది. ఆ దొరలది మాత్రం కాళ్ళ దాకా వేలాడే వదులు అంగీ. ఇంటికి రాగానే బిగుతు కోటూ విగ్గూ తీసేసి, గుండు మీద టోపీ పెట్టి, ఇది తొడుక్కునేవారు.

జపాన్‌లో డచ్చివాళ్ళకు బహుమతిగా వచ్చిన కిమోనోలతో పుట్టిన మోజిది. అవి ఎంతమందికని సరిపోతాయి? అందుకని మన తీరంలో నూలుగుడ్డ మీద పూలూ తీగలూ వేయించి పట్టుకెళ్ళారు. డచ్చివాళ్ళు 1605లోనే మన బందరులో కొట్టు పెట్టారు.

ఆ పనిలో ఒక గమ్మత్తుంది. గుడ్డను కరక్కాయ రసం, గేదెపాలు కలిపి తడిపి ఆరబెడతారు. పాలలో కొవ్వు ఉంటుంది కదా, రంగు పక్కకు పాకదు. ఇనుపముక్కలు, బెల్లం ఊరిన నీళ్ళతో కలం గీస్తే గీత నల్లబడుతుంది. ఎరుపు కావాల్సిన చోట మాత్రం పటికనీళ్ళు పూస్తారు. అప్పుడు చూస్తే ఏమీ ఉండదు. గుడ్డను చిరివేరు అనే ఎర్రరంగు వేరుతో ఉడికించాక, పటిక తగిలినచోటల్లా ఎర్రపూలు లేస్తాయి! ఉతికినా పోవు. నూలు మీద అలాంటి అద్దకం అప్పట్లో యూరప్‌వాళ్ళకు చేతకాలేదు.

అక్కడి నేతగాళ్ళు తమ పొట్ట కొడుతున్నారని గోల చేస్తే ఫ్రాన్స్ 1686లో ఈ బట్టలను నిషేధించింది, ఇంగ్లండ్ 1721లో పూల అద్దకం నూలుబట్టలు కట్టకూడదంది. అయినా మానలేదు!

సెలవులకు వచ్చేటప్పుడు పాత తెల్లచొక్కాలు తెచ్చుకోండి. కరక్కాయలు నేను నానబెడతాను. పాలు మాత్రం మీరే నాన్నమ్మను అడగాలి.

మీ తాతయ్య